పిల్లల థెరపీలో గుర్రపు స్వారీ: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆటిజమో, సెరిబ్రల్ పాల్సీయో (మెదడుకి తగిలిన దెబ్బ వల్ల కదలికలు అదుపులో ఉండని స్థితి) ఉన్న పిల్లల ఇంట్లో కొత్త థెరపీ పేరు వినపడగానే ఆశ, టెన్షన్ రెండూ ఒకేసారి మొదలవుతాయి. నేను అమెరికాలో పిల్లల ఆక్యుపేషనల్ థెరపిస్టుని, అంటే పిల్లలకి రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే ఓటీని. నా పనిలో సగం గుర్రాల సెంటర్‌లోనే జరుగుతుంది. ఇక్కడి తెలుగు తల్లిదండ్రులు, ఇండియా నుంచి బంధువుల ద్వారా ఫోన్ చేసేవాళ్ళు అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. గుర్రం నడకలో నిజంగా బలం ఉంది. కానీ ఆ నడకని మీ పిల్లల కోసం ఎవరు వాడుతున్నారు, ఏం సాధించడానికి వాడుతున్నారు అన్నది మీరు తెలుసుకోవాలి. నా జవాబులన్నీ ఆ చుట్టూనే ఉంటాయి.

గుర్రం ఎక్కితే పిల్లలకి ఏం ఒరుగుతుంది? అసలిది ఎలా పనిచేస్తుంది?

మెల్లగా నడిచే గుర్రం వీపు మీద చెయ్యి ఆనించి చూడండి. అది పైకీ కిందికీ, ఎడమకీ కుడికీ, ముందుకీ వెనక్కీ కదులుతుంది. దాంతో పాటు కొద్దిగా మెలి కూడా తిరుగుతుంది. మనం నడిచేటప్పుడు మన నడుము కదిలే తీరు దీనికి చాలా దగ్గరగా ఉంటుంది. అందుకే ఇంకా నడక రాని పిల్లవాడు గుర్రం మీద కూర్చుంటే, పాదాలు నేలకి తగలకుండానే నడక ఎలా ఉంటుందో వాడి నడుముకి తెలుస్తుంది. గుర్రం నిమిషానికి సుమారు 100 అడుగులు వేస్తుంది. 20 నిమిషాలు కూర్చుంటే దాదాపు 2000 సార్లు వాడి పొట్ట, వెన్ను కండరాలు బ్యాలెన్స్ సరిచేసుకోవాల్సిందే. గదిలో థెరపీ బాల్ మీద కూర్చోబెట్టి ఇన్నిసార్లు చేయించడం నా వల్ల కాదు. ఏ పిల్లవాడూ అంతసేపు ఒప్పుకోడు కూడా.

ఆ నడకని మేం అవసరాన్ని బట్టి మారుస్తూ ఉంటాం. నడుస్తున్న గుర్రాన్ని ఆపి మళ్ళీ కదిలిస్తే పిల్లవాడు కాస్త తూలి నిలదొక్కుకుంటాడు. గుండ్రంగా తిప్పితే ఒక పక్క కండరాలకి ఎక్కువ పని పడుతుంది. నేల మీద పరిచిన కర్రలు దాటిస్తే గుర్రం కాళ్ళెత్తి నడుస్తుంది, వీపు మీద కుదుపు పెరుగుతుంది. ఒళ్ళు వదులుగా, ఒరిగిపోతున్నట్టు కూర్చునే పిల్లలకి చురుగ్గా అడుగులేసే గుర్రాన్ని ఇస్తాం. కండరాలు బిగుసుకుపోయే పిల్లలకి మెత్తగా, తాపీగా సాగే గుర్రం కావాలి. గుర్రం ఒంటి వేడి 38 డిగ్రీల దగ్గర, అంటే మన కన్నా కాస్త ఎక్కువ ఉంటుంది. జీను తీసేసి పల్చటి ప్యాడ్ మీద కూర్చోబెడితే ఆ వెచ్చదనం తొడలకి తగిలి బిగుతు తగ్గడానికి సాయపడుతుంది.

హిప్పోథెరపీ, థెరప్యూటిక్ రైడింగ్ ఒకటేనా?

కాదు. ఈ తేడా తెలియకపోతే డబ్బు ఒకదానికి కట్టి ఇంకొకటి ఆశిస్తారు. హిప్పోథెరపీలో ఫిజియోథెరపిస్టో, ఓటీనో, స్పీచ్ థెరపిస్టో గుర్రం కదలికని తమ వైద్యంలో భాగంగా వాడతారు. పిల్లవాడు స్వారీ నేర్చుకోడు. పగ్గాలు వాడి చేతిలో ఉండవు. ఒక్కోసారి వెనక్కి తిప్పి కూర్చోబెడతాం, పక్కకి కూర్చోబెడతాం. థెరప్యూటిక్ రైడింగ్ అంటే స్వారీ పాఠమే. ప్రత్యేక శిక్షణ పొందిన ఇన్‌స్ట్రక్టర్ పిల్లల శక్తికి తగ్గట్టు గుర్రాన్ని ఎలా నడపాలి, ఎలా ఆపాలి, ఎలా తిప్పాలి అన్నవి నేర్పుతారు. బ్యాలెన్స్, శ్రద్ధ, చెప్పిన మాట వినడం ఆ నేర్చుకోవడంలో భాగంగా వస్తాయి.

నా అభిప్రాయంలో, కూర్చోవడమే కష్టంగా ఉన్న పిల్లలకి ముందు హిప్పోథెరపీ మంచిది. ఒళ్ళు బాగానే సహకరిస్తూ, మాట కలపడం, ఒకచోట కుదురుగా ఉండటం కష్టమైన పిల్లలకి రైడింగ్ క్లాసు బాగా కుదురుతుంది.

ఇది ఎప్పటినుంచి ఉంది? ఈమధ్య వచ్చిన ఫ్యాషన్ కాదు కదా?

డెన్మార్క్‌లో లిస్ హార్టెల్ అనే స్వారీ క్రీడాకారిణికి 1944లో, గర్భంతో ఉండగా పోలియో వచ్చింది. మోకాళ్ళ కింద పట్టు పోయింది. అయినా గుర్రాన్ని వదల్లేదు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో డ్రెస్సేజ్ అనే పోటీలో, అంటే గుర్రాన్ని చిన్న సంకేతాలతో పద్ధతిగా నడిపించే పోటీలో, రజత పతకం గెలిచింది. గుర్రం ఎక్కాలన్నా దిగాలన్నా ఒకరు సాయం పట్టాల్సిన మనిషి ఆవిడ. 1956లో మళ్ళీ రజతమే. ఆవిడ కథ యూరప్ అంతా పాకింది, వైకల్యం ఉన్నవాళ్ళ కోసం స్వారీ కేంద్రాలు పుట్టడానికి ఊతమిచ్చింది. 1969లో బ్రిటన్‌లో రైడింగ్ ఫర్ ది డిజేబుల్డ్ అసోసియేషన్, అదే ఏడు అమెరికాలో ఒక జాతీయ సంఘం ఏర్పడ్డాయి. ఆ అమెరికా సంఘం పేరు 2011 నుంచి పాత్ ఇంటర్నేషనల్. ఇన్‌స్ట్రక్టర్లకి సర్టిఫికెట్లు, సెంటర్లకి గుర్తింపు ఇచ్చేది అదే.

ఆటిజం ఉన్న మా బాబుకి మాటలు వస్తాయా?

ఎక్కువమంది అడిగేది ఇదే. వస్తాయని మాటిస్తే నేను అబద్ధం చెప్పినట్టే. ఏం జరుగుతుందో చెబుతాను, మీరే ఆలోచించండి.

గుర్రం నడుస్తూ ఉంటుంది, ఆ ఊగు బాబుకి బాగుంటుంది. ఉన్నట్టుండి ఆపేస్తాం. ఎవరం ఏమీ మాట్లాడం. "పోదామా? చెప్పు, చెప్పు నాన్నా" అని తొందరపెట్టం. పది సెకన్లు, పదిహేను సెకన్లు ఎదురు చూస్తాం. ముందు ఒళ్ళు ఊపుతాడు, గుర్రం కదలదు. తర్వాత జూలు లాగుతాడు, కదలదు. అప్పుడు పక్కనున్న మనిషి మొహంలోకి చూస్తాడు. మొదట్లో ఆ చూపు చాలు, గుర్రాన్ని కదిలిస్తాం. కొన్ని వారాలు పోయాక చూపుతో పాటు గుర్రం మెడ మీద తట్టడం అడుగుతాం. ఆ తర్వాత ఒక శబ్దం. మాట ఉన్న పిల్లలైతే మాట. ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లలుంటే మా వాలంటీర్లకి "పద", "ఆగు" నేర్పిస్తాను. బాబుకి తెలిసిన మాటకే గుర్రం కదలాలి. తను అడిగితే ఇంత పెద్ద జంతువు కదులుతుందని తెలిసిన పిల్లవాడికి మళ్ళీ అడగాలనిపిస్తుంది. స్పీచ్ థెరపీలో మాకు కష్టంగా దొరికే కోరిక అదే.

పరిశోధన సంగతి. అమెరికాలో 6 నుంచి 16 ఏళ్ళ మధ్య ఆటిజం పిల్లలు 127 మందితో చేసిన అధ్యయనం ఒకటి 2015లో వచ్చింది. సగం మంది పది వారాలు స్వారీ చేశారు. మిగతావాళ్ళు అలాంటి వాతావరణంలోనే, కానీ నిజం గుర్రాన్ని తాకకుండా, గుర్రాల గురించి నేర్చుకున్నారు. స్వారీ చేసిన పిల్లల్లో చిరాకు, అతిచురుకుదనం తగ్గాయి. నలుగురితో కలవడంలో, వాడే మాటల సంఖ్యలో మెరుగుదల కనిపించింది. మెరుగుదల అన్నారు గానీ ఆటిజం పోయిందని ఎవరూ అనలేదు. ఆటిజం పోగొడతామని ఏ సెంటరైనా చెబితే అక్కడ అడ్వాన్స్ కట్టకండి.

మా పాపకి సెరిబ్రల్ పాల్సీ. నడక వస్తుందా?

నడక వస్తుందా రాదా అన్నది పాప మెదడుకి ఎక్కడ, ఎంత దెబ్బ తగిలిందన్న దాన్ని బట్టి ఉంటుంది. గుర్రం ఆ దెబ్బని మార్చలేదు. అది సాయం చేసేది కూర్చునే తీరుకి, మెడ, నడుము నిలబడటానికి, బ్యాలెన్స్‌కి.

ఇక్కడ రెండు అధ్యయనాలూ మీకు చెప్పాలి, ఎందుకంటే మామూలుగా ఒక్కటే చెబుతారు. 2015లో కొరియాలో 4 నుంచి 10 ఏళ్ళ పిల్లలు 92 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, ఎనిమిది వారాలు హిప్పోథెరపీ. ఇంకో గుంపుకి ఇంటి దగ్గర వ్యాయామాలు. గుర్రం ఎక్కిన పిల్లల్లో శరీర కదలికలు, బ్యాలెన్స్ రెండూ ఎక్కువ మెరుగుపడ్డాయి. అంతకుముందు, 2009లో, ఆస్ట్రేలియాలో 99 మంది పిల్లలకి పది వారాలు థెరప్యూటిక్ రైడింగ్ చేయించి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నా అనుభవం కొరియా వైపు మొగ్గుతుంది. వారానికి రెండుసార్లు, థెరపిస్టు చేతి కింద, ఒక స్పష్టమైన లక్ష్యంతో చేస్తే ఫలితం కనిపిస్తుంది. వారానికోసారి గుంపులో తిరిగొస్తే పాప సంతోషంగా ఉంటుంది, అది తక్కువ విషయం కాదు, కానీ ఫిజియో స్కోరు పెరగకపోవచ్చు.

కాళ్ళు కత్తెరలా మెలిపడే పాప అయితే సన్నటి వీపున్న గుర్రాన్ని అడగండి. వెడల్పు వీపు మీద కాళ్ళు బలవంతంగా చాపితే నొప్పి పుడుతుంది, తుంటి కీలుకి మంచిది కాదు.

ఎవరు ఎక్కకూడదు?

డాక్టర్ కాగితం లేకుండా ఏ పిల్లవాడినీ ఎక్కించకూడదు. తుంటి కీలు జారిపోయిన పిల్లలు, మందులతోనూ ఫిట్స్ అదుపులోకి రాని పిల్లలు, ఎముకలు పెళుసుగా ఉండి విరిగిపోయే జబ్బున్న పిల్లలు, వెన్నెముక బాగా వంకర తిరిగిన పిల్లలు, ఒంటి మీద పుండ్లున్న పిల్లలు గుర్రం ఎక్కకపోవడమే మేలు. తలలో నీరు చేరి, దాన్ని దారి మళ్ళించే షంట్ అనే గొట్టం వేయించుకున్న పిల్లలైతే న్యూరోసర్జన్‌ని అడగాలి.

డౌన్ సిండ్రోమ్ గురించి విడిగా చెప్పాలి. ఈ పిల్లల్లో కొందరికి మెడలో మొదటి రెండు ఎముకల మధ్య పట్టు వదులుగా ఉంటుంది. బయటికేమీ తెలియదు. కానీ కుదుపు పడితే వెన్నుపాముకి ప్రమాదం. అందుకే మెడ పరీక్ష చేయించి, డాక్టర్ సరే అన్నాకే మొదలుపెట్టాలి. ఏటా మళ్ళీ పరీక్ష చేయించాలి. మధ్యలో నడక తీరు మారినా, మెడ ఒక పక్కకి వాల్చినా, అదుపులో ఉన్న మూత్రం అదుపు తప్పినా వెంటనే స్వారీ ఆపి ఆస్పత్రికి తీసుకెళ్ళండి. "ఇంత చిన్న విషయానికి ఎక్స్‌రే ఎందుకండీ" అని మొహమాటపెడతారు కొందరు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను.

ఏ వయసు నుంచి?

పాత్ ఇంటర్నేషనల్ పద్ధతి ప్రకారం రైడింగ్ క్లాసుకి నాలుగేళ్ళు నిండాలి. థెరపిస్టు చేసే హిప్పోథెరపీకి రెండేళ్ళు. అంతకన్నా చిన్న పిల్లల మెడ ఆ కదలికకి సిద్ధంగా ఉండదు.

పడిపోతే?

భయపడటం సహజం. గుర్రం ఎక్కడం అంటే ఎంతో కొంత ప్రమాదం ఉన్న పనే. దాన్ని తగ్గించే పద్ధతి చెబుతాను. ఒక్కో పిల్లవాడికి ముగ్గురుంటారు. ఒకరు గుర్రం తల దగ్గర తాడు పట్టుకుని నడిపిస్తారు. వాళ్ళ దృష్టి గుర్రం మీదే, పిల్లవాడి వైపు తిరగరు. ఇద్దరు చెరో పక్క నడుస్తారు, వాళ్ళని సైడ్‌వాకర్లు అంటాం. అవసరాన్ని బట్టి వాళ్ళ ఒక చెయ్యి పిల్లవాడి తొడ మీదుగా వెళ్ళి ప్యాడ్‌ని పట్టుకుంటుంది. ఇన్‌స్ట్రక్టరో థెరపిస్టో వీళ్ళకి అదనం. స్వారీ కోసమే తయారైన హెల్మెట్ తప్పనిసరి, సైకిల్ హెల్మెట్ పనికిరాదు. రికాబుల్లో పాదం ఇరుక్కోకుండా ముందు కప్పు ఉన్నవో, పడితే ఊడిపోయేవో వాడతారు. నేల మీంచి ఎత్తి కూర్చోబెట్టరు. ర్యాంప్ ఎక్కించి, గుర్రం వీపు ఎత్తు నుంచి మెల్లగా కూర్చోబెడతారు.

పిల్లవాడిని బెల్టుతో గుర్రానికి కట్టేస్తామని ఎవరైనా అంటే అక్కడినుంచి వచ్చేయండి. గుర్రం పడినా, పరిగెత్తినా విడిపించుకునే దారి ఉండదు.

బీచ్‌లో గుర్రం ఎక్కిస్తే చాలదా? వారం వారం విశాఖ బీచ్‌కి వెళ్తూనే ఉంటాం.

సరదాకి ఎక్కించడం వేరు, దాన్ని థెరపీ అనుకోవడం వేరు. అక్కడ హెల్మెట్ ఉండదు, పక్కన పట్టుకునే మనుషులుండరు, కుక్క మొరిగితేనో కెరటం మీదికొస్తేనో ఆ గుర్రం ఏం చేస్తుందో చెప్పలేం. మెడ నిలపలేని, ఒళ్ళు అదుపులో లేని పిల్లల్ని అలా ఎక్కించవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

ఇండియాలో ఎక్కడ చేయించాలి? ఎవరిని నమ్మాలి?

పెద్ద నగరాల్లో కొన్ని స్వారీ స్కూళ్ళు ప్రత్యేక అవసరాల పిల్లల్ని తీసుకుంటున్నాయి. బోర్డు చూసి నమ్మకుండా వెళ్ళి కూర్చుని ఒక క్లాసు చూడండి. థెరపీ అని పేరు పెట్టారు గనక థెరపిస్టు ఎవరని అడగండి. ఆ మనిషి ఫిజియోనా, ఓటీనా, ఎక్కడ చదివారు, గుర్రాల దగ్గర శిక్షణ ఎక్కడ తీసుకున్నారు అని అడగండి. మొదటి రోజే పిల్లవాడిని గుర్రం ఎక్కించేస్తే నాకు నచ్చదు. ముందు వాడిని పరిశీలించాలి, మీతో మాట్లాడాలి, మూడు నెలల్లో ఏం చూడాలనుకుంటున్నారో కాగితం మీద రాయాలి. "కాన్ఫిడెన్స్ పెరుగుతుంది" అన్నది లక్ష్యం కాదు. "ఆసరా లేకుండా బల్ల మీద ఐదు నిమిషాలు కూర్చోవాలి" అన్నది లక్ష్యం.

గుర్రం ఆరోగ్యం కూడా అడగండి. గ్లాండర్స్ అనే జబ్బు గుర్రాల నుంచి మనుషులకి సోకుతుంది, మన దేశంలో ఇంకా ఉంది. హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం దాని పరీక్షలకి ప్రధాన ల్యాబ్. పరీక్ష రిపోర్టు చూపించమంటే మంచి సెంటర్ వాళ్ళు ఏమీ అనుకోరు. మీ వైపు నుంచి పిల్లవాడి ధనుర్వాతం టీకా సమయానికి వేయించండి, గుర్రపుశాల మట్టిలో ఆ క్రిమి ఉంటుంది.

అసలు పిల్లవాడి సమస్య ఏమిటో ఇంకా తేలకపోతే గుర్రం దాకా వెళ్ళకండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం ఉన్న జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీలో గానీ, మీ జిల్లా ప్రభుత్వాసుపత్రికి అనుబంధంగా ఉండే, పిల్లల సమస్యల్ని తొందరగా గుర్తించే కేంద్రం డీఈఐసీలో గానీ ముందు పరీక్ష చేయించండి.

ఖర్చెంత? ఇన్సూరెన్స్ ఇస్తుందా?

అమెరికాలో చాలా సెంటర్లు లాభాపేక్ష లేనివి, విరాళాలతో, వాలంటీర్లతో నడుస్తాయి. ఫీజు తగ్గించమని దరఖాస్తు పెట్టుకోవచ్చు, మొహమాటపడకండి. వెయిటింగ్ లిస్టు మాత్రం పొడుగే, ముందే పేరు రాయించండి. రైడింగ్ క్లాసుకి మామూలుగా ఇన్సూరెన్స్ రాదు. హిప్పోథెరపీ అయితే థెరపిస్టు ఫిజియో సెషన్‌గానో ఓటీ సెషన్‌గానో బిల్లు చేస్తారు. కొన్ని కంపెనీలు ఇస్తాయి, కొన్ని గుర్రం పేరు కనపడగానే తిరస్కరిస్తాయి. మొదలుపెట్టక ముందే కంపెనీ నుంచి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి.

ఇండియాలో ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ళకి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ పథకం ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఇస్తుంది. మామూలు థెరపీల ఖర్చు అందులో కొంత వస్తుంది. దాన్ని ఫిజియోకి, స్పీచ్‌కి వాడుకుని, చేతి డబ్బు మిగిలితేనే గుర్రం గురించి ఆలోచించండి. అప్పు చేసి మాత్రం చేయించవద్దు.

ఇది మొదలుపెడితే స్పీచ్, ఓటీ మానేయొచ్చా?

వద్దు. గుర్రం మీద వచ్చిన మార్పుని ఇంట్లోకీ బడిలోకీ తేవాల్సింది ఆ థెరపీలే.

గుర్రాన్ని చూస్తేనే ఏడుస్తాడు. బలవంతంగా ఎక్కించమంటారా?

ఎప్పుడూ వద్దు. కొందరు పిల్లలకి గుర్రం కన్నా హెల్మెట్ కష్టం. తల మీద ఏదీ ఉంచుకోలేరు. అలాంటి బాబు ఉంటే హెల్మెట్ ఇంటికి పంపిస్తాం. టీవీ చూసేటప్పుడు నిమిషం, మర్నాడు రెండు నిమిషాలు పెట్టమంటాం. వాసన పడని పిల్లలుంటారు, వాళ్ళని గాలి వచ్చే వైపు నిలబెడతాం. ముందు దూరంగా కంచె బయట, తర్వాత బ్రష్‌తో గుర్రం భుజం దువ్వడం, తర్వాత క్యారెట్ ముక్క పళ్ళెంలో పెట్టి అందించడం. నెల రోజులు నేల మీదే గడిపినా నాకు ఫర్వాలేదు. దువ్వడంలోనే చేతి పని ఉంది, వంతు ఆగడం ఉంది. అయినా ఒప్పుకోకపోతే ఈ థెరపీ వాడికి కాదు, అంతే. మిగతా దారులు చాలా ఉన్నాయి.

పాపం, గుర్రానికి ఇబ్బంది కాదా?

ఇది అడిగేది ఎక్కువగా అన్నలూ అక్కలూ, అంటే ఆ పిల్లల తోబుట్టువులు. చాలా మంచి ప్రశ్న. ఈ పనికి గుర్రాన్ని ఎంచడమే కష్టం. బంతి తగిలినా, పిల్లవాడు కేక పెట్టినా, వీల్‌చైర్ పక్కకొచ్చినా బెదరకూడదు. సాధారణంగా వయసు మీరిన, నిదానం వచ్చిన గుర్రాల్ని తీసుకుంటాం. ఒక పక్కకే ఒరిగే బరువుని మోయడం దాని వీపుకి శ్రమ. అందుకే సెషన్ల మధ్య విశ్రాంతి, పిల్లలు లేకుండా స్వేచ్ఛగా తిరిగే రోజులు తప్పనిసరి. స్వారీ చేసేవాళ్ళ బరువు, జీనుతో కలిపి, గుర్రం బరువులో అయిదో వంతు దాటకూడదన్నది చాలాచోట్ల పాటించే లెక్క. మీరు చూడ్డానికి వెళ్ళినప్పుడు చెవులు వెనక్కి వాల్చి, తోక విసురుతూ, జీను వేస్తుంటే కొరకడానికి వస్తున్న గుర్రం కనిపిస్తే అది అలిసిపోయిందనో, నొప్పితో ఉందనో అర్థం. అలాంటి గుర్రం మీద మీ పిల్లవాడు కూర్చోకూడదు.

ఎన్నాళ్ళు చేయించాలి?

పది పన్నెండు వారాలు చేయించి, ముందు రాసుకున్న కాగితం తీసి చూడండి. మార్పు కనిపిస్తే కొనసాగించండి. కనిపించకపోతే లక్ష్యాన్నో గుర్రాన్నో మార్చి ఇంకో విడత చూడండి. అప్పటికీ లేకపోతే ఆపేయండి. థెరపిస్టు బాధపడతారని ఆలోచించకండి. మరోవైపు, కొందరు పిల్లలకి థెరపీ అవసరం తీరాక కూడా స్వారీ ఇష్టంగా మిగిలిపోతుంది. అలాంటి పిల్లలకి స్పెషల్ ఒలింపిక్స్‌లో స్వారీ పోటీలున్నాయి. శరీర వైకల్యం ఉన్నవాళ్ళ కోసం 1996 అట్లాంటా నుంచి పారాలింపిక్స్‌లో డ్రెస్సేజ్ ఉంది.

దగ్గర్లో గుర్రమే లేదు. మా పిల్లవాడికి నష్టం జరుగుతోందా?

లేదు. గుర్రం ఇచ్చేవాటిలో చాలావరకు విడివిడిగా వేరేచోట దొరుకుతాయి. ఊయల, థెరపీ బాల్, ఈత, ఎగుడుదిగుడు నేల మీద నడిపించడం, అన్నీ పనికొస్తాయి. ఇందాక చెప్పిన ఆపి ఎదురుచూసే పద్ధతి ఊయల దగ్గర ఈ సాయంత్రమే మొదలుపెట్టవచ్చు. ఊపండి, ఆపండి, నోరు మెదపకుండా పదిహేను సెకన్లు ఆగండి. అమ్మమ్మలకీ తాతయ్యలకీ ముందే చెప్పి ఉంచండి, లేకపోతే వాళ్ళు జాలిపడి వెంటనే ఊపేస్తారు.

మొదటి రోజుకి ఏం సిద్ధం చేసుకోవాలి?

సాగే గుణం ఉన్న పొడుగు ప్యాంటు వేయండి, నిక్కరైతే తొడలు ఒరుసుకుంటాయి. మడమ ఉన్న మూసిన బూట్లు తొడగండి, చెప్పులు వద్దు. రెండు జడలైనా, ఒక జడైనా మెడ దగ్గర కిందికి వేయండి, నడినెత్తి మీద ముడి ఉంటే హెల్మెట్ కూర్చోదు. గొలుసులు, వేలాడే కమ్మలు ఇంట్లోనే తీసేయండి. కడుపు నిండా పెట్టి వెంటనే తీసుకురాకండి, గంట ముందు తేలిగ్గా ఏదైనా తినిపించండి. ఫిట్స్ మందు, ఇన్‌హేలర్ లాంటివి ఉంటే సంచిలో వేసుకుని ఇన్‌స్ట్రక్టర్‌కి చెప్పండి. ఆ గుర్రం ఫొటో సెంటర్ వాళ్ళని అడిగి తెప్పించుకుని, దాని పేరు చెబుతూ వారం ముందు నుంచి పిల్లవాడికి చూపించండి. కంచె బయట నిలబడి "నాన్నా, ఇటు చూడు, ఫొటో" అని మాత్రం పిలవకండి. వాడు వెనక్కి తిరిగితే బ్యాలెన్స్ పోతుంది. వీడియో మా వాలంటీర్లు తీసి పంపిస్తారు.